సీసా మీది మాట: డాక్టర్ హార్వే వైలీ జీవితము

అంగడిలో కొన్న బిస్కత్తుల పొట్లమునో, శీతల పానీయపు సీసానో ఒకసారి త్రిప్పి చూడండి. వెనుక ప్రక్కను చీమ తలకాయలంతేసి అక్షరములతో ఒక పట్టీ కనబడును. లోపల ఏయే పదార్థములు కలిసినవో, ఏ నిలువ మందు పడినదో, ఏ రంగు వేసినారో అందులో వ్రాసి యుండును. దానిని చదువువారు తక్కువ. కళ్ళజోడు లేనిదే నేనును చదువలేను. అయినను అమ్మెడివాడు లోపలి సంగతి పైన చెప్పితీరవలెనని పట్టుపట్టి, ఇరువది తొమ్మిది సంవత్సరములు ప్రభుత్వోద్యోగములో ఉండి వర్తకులతోను, మంత్రులతోను, తుదకు దేశాధ్యక్షునితోను తగవులాడిన మనిషి ఒకడున్నాడు. ఆయన పేరు హార్వే వాషింగ్టన్ వైలీ.

వైలీ 1844 అక్టోబరు 18వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో, కెంట్ అను పల్లె దగ్గర, దుంగలతో కట్టిన ఇంటిలో పుట్టినాడు. తండ్రి ప్రెస్టన్ వైలీ వ్యవసాయదారుడు. ఆదివారములలో మతప్రవచనము చేసెడివాడు. దక్షిణ రాష్ట్రముల నుండి పారిపోయి వచ్చు నల్లజాతి బానిసలను రహస్యముగా దాటించుటలో ఆయనకు పాలుండెడిది. చట్టము ఒకటి చెప్పుచుండగా న్యాయము మరొకటి చెప్పునని ఆ బాలుడు ఇంటిలోనే చూచినాడు. హానోవర్ కళాశాలలో చేరిన తరువాత అంతర్యుద్ధము వచ్చినది. 1864లో కొన్ని నెలలు సైన్యములో పనిచేసి, మరల చదువునకు వచ్చి, 1867లో పట్టము పుచ్చుకొన్నాడు. 1871లో వైద్యశాస్త్రములో డాక్టరు పట్టము వచ్చినది. కాని రోగుల నాడి పట్టుకొని ఆయన బ్రతుకలేదు. గ్రీకు, లాటిను పాఠములు చెప్పినాడు. హార్వర్డులో రసాయన శాస్త్రము చదివినాడు. 1874లో క్రొత్తగా తెరచిన పర్డ్యూ విశ్వవిద్యాలయములో మొట్టమొదటి రసాయన శాస్త్రాచార్యుడైనాడు.

ఉపాధ్యాయులు వినదగిన ముచ్చట ఒకటి ఇక్కడ ఉన్నది. ఆచార్యులవారు శిష్యులతో కలిసి బేస్‌బాల్ ఆడెడివారు. అంతటితో ఆగక, ముందు చక్రము నిలువెత్తున ఉండు ఆనాటి సైకిలు ఒకటి కొని, మోకాళ్ళ వరకే వచ్చు లాగు తొడిగికొని, దాని మీద ఊరేగుచు కళాశాలకు వచ్చుచుండిరి. ధర్మకర్తలకు తల కొట్టివేసినట్లైనది. పిలిపించి సంజాయిషీ అడిగినారు. ఆ సభలో ఒక పెద్దమనిషి ఆయనను కోతితో పోల్చినాడు. వైలీ అక్కడికక్కడే రాజీనామా వ్రాసి ఇచ్చినాడు, వారు పుచ్చుకొనలేదు. ఈ మనిషి ముందు ముందు ఎట్లు నడచుకొనునో ఈ చిన్న కథ చెప్పకయే చెప్పుచున్నది.

1878లో ఆయన జర్మనీ వెళ్ళినాడు. బెర్లినులో మహారసాయనవేత్త హోఫ్‌మన్ ఉపన్యాసములు విన్నాడు. అచ్చటి ప్రభుత్వపు ఆహార పరీక్షాశాలలో పనిచేసి, చక్కెర ద్రావకములో నిజమైన చెరకు చక్కెర ఎంత, ఇతరమెంత అనునది కాంతి సహాయమున కనిపెట్టు పోలారిస్కోపు అను యంత్రమును నేర్చుకొన్నాడు. తిరిగి వచ్చి ఇండియానా అంగళ్ళలోని పానకములను, తేనెలను ఆ యంత్రము ముందు పెట్టినాడు. తేనె అని అమ్ముచున్న దానిలోను, చెరకు పానకమని అమ్ముచున్న దానిలోను మొక్కజొన్న పిండి నుండి తీసిన గ్లూకోజు చాల ఉన్నది. 1881లో ఈ సంగతి ప్రకటించినాడు. గ్లూకోజు విషము కాదని ఆయనకు తెలియును. ఒకటి చెప్పి మరొకటి అమ్ముటయే ఆయనకు కోపము తెప్పించినది. ఆ తరువాతి జీవితమంతయు ఈ రెండు తగవులే: ఇది ప్రాణహానియా అనునది ఒకటి, ఇది మోసమా అనునది రెండవది. ఈ రెంటిని ఆయన ఒక్కొక్కప్పుడు కలగాపులగము చేసినాడు. ఆ సంగతి తరువాత వచ్చును.

1883లో వాషింగ్టనులోని వ్యవసాయశాఖకు ముఖ్య రసాయనజ్ఞుడుగా వెళ్ళినాడు. ఆ కాలపు అమెరికా అంగడి ఎట్లుండెనో నేటి విద్యార్థికి ఊహకు అందదు. పట్టణములు పెరిగినవి. పాలు, మాంసము వందల మైళ్ళు రైలులో ప్రయాణము చేయవలసి వచ్చినది. పాలు విరుగకుండ ఫార్మాలిన్ పోసెడివారు. అది ప్రేతములను నిలువ చేయు మందు. మాంసమునకు వెలిగారము పూసెడివారు. డబ్బాలలోని బఠాణీలు పచ్చగా కనబడుటకు మైలుతుత్తము వేసెడివారు. మిరియాల పొడిలో కొబ్బరి చిప్పల పొడి ఉండెడిది. ఇక మందుల మాట చెప్పనలవి కాదు. పండ్లు వచ్చు పసిబిడ్డల ఏడ్పు మాన్పుటకై విన్స్లో అమ్మగారి పేరుతో ఒక పానకము దేశమంతట అమ్ముచుండిరి. బిడ్డ నిజముగనే ఊరకుండెడిది, ఏలననగా అందులో నల్లమందు సారమైన మార్ఫిన్ ఉన్నది. కొందరు బిడ్డలు మరి లేవలేదు. సీసా మీద మార్ఫిన్ అను మాట లేదు. తల్లి తన చేతితోనే చెంచాతో పోసినది.

1887 మొదలు 1902 వరకు వైలీ శాఖవారు ఆహారపు కల్తీలను గూర్చి ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క భాగము చొప్పున పెద్ద నివేదికలు అచ్చువేసినారు. శాసనసభలో బిల్లు వెనుక బిల్లు వచ్చినది, పోయినది. ఆ నివేదికలను చదివినవారు రసాయనజ్ఞులే. చదివించుటకు మరొక ఉపాయము కావలెనని వైలీ కనిపెట్టినాడు.

1902లో శాసనసభ ఆయనకు అయిదువేల డాలర్లు ఇచ్చినది. తన కార్యాలయపు నేలమాళిగలో వంటశాల, భోజనశాల పెట్టించినాడు. పన్నిద్దరు యువకులు ముందుకు వచ్చినారు. చాలమంది ఆ శాఖలోని చిన్న గుమాస్తాలే. మూడుపూటల భోజనము ఉచితము. జీతము మాత్రము లేదు. కమ్మని భోజనమే, కాని అందులో ప్రతిదినము కొలిచి వేసిన నిలువ మందు ఉండును. బయట పచ్చి మంచినీళ్ళు కూడ కొలత లేకుండ త్రాగరాదు. భోజనమునకు ముందు బరువు, నాడి, జ్వరము చూచెడివారు. మలమూత్రములు సయితము సీసాలలో పట్టి తెచ్చి ఇయ్యవలెను.

మొదట వెలిగారము. దానిని వెన్నలో దాచి పెట్టినారు. కొన్ని దినములకు కుర్రవాళ్ళకు వెన్న మీద అసహ్యము పుట్టినది. పాలలో కలిపినారు, పాలు మానినారు. మాంసములో వేయగా మాంసము మానినారు. తుదకు దాపరికము విడిచి, గొట్టపు మాత్రలలో పోసి ఎదుటనే ఇచ్చినారు; వారు మ్రింగినారు. ఆకలి చచ్చినది, కడుపులో నొప్పి, తలలో బరువు. తరువాత సాలిసిలిక్ ఆమ్లము, గంధకపు ఆమ్లము, బెంజోయేటు, ఫార్మాలిన్ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కొన్నింటిలో యువకులు మరీ జబ్బు పడుటచే పరీక్ష నడుమ ఆపవలసి వచ్చినది. వార్తాపత్రికలవారు కిటికీల దగ్గర కాచుకొని, వంటవాని నడిగి, కథలల్లి, ఆ పంక్తికి విషదళమని పేరు పెట్టినారు. వైలీకి మొదట కోపము వచ్చినది. కాని ఇరువది సంవత్సరముల నివేదికలు చేయలేని పని ఆ పేరు చేసినది. దేశములో ఇంటింట తమ వెన్నలో ఏమున్నదో అని అడుగజొచ్చినారు.

ఈ పరీక్షలో శాస్త్రదోషములున్నవి. అదే భోజనమును మందు లేకుండ తినెడి మరొక పంక్తి, పోల్చి చూచుటకు, లేదు. పన్నిద్దరి సంఖ్య చాల తక్కువ. తరువాతి సంవత్సరములలో వారి ఆరోగ్యమెట్లుండెనో ఎవ్వరును శ్రద్ధగా చూడలేదు. ఇవి విమర్శకులు చెప్పినవే, సరియైనవే. నన్ను అంతకంటె ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. పంక్తిలో కూర్చుండుటకు ముందు ప్రతి యువకుడును ఒక కాగితము మీద సంతకము చేసినాడు. తనకు ఏమి జరిగినను, ప్రాణము పోయినను, ప్రభుత్వము మీద దావా వేయనని అందలి షరతు. ప్రజలకు తెలియకుండ విషము పెట్టరాదని వాదించు మనిషి తన పంక్తిలోనివారి దావా హక్కును ముందే వ్రాయించుకొన్నాడు! అయితే ఒక భేదమున్నది. ఆ కుర్రవాళ్ళకు తాము తినునదేమో తెలియును. తెలిసి సంతకము చేసినారు. పానకము పోసిన తల్లికి ఆ మాత్రపు అవకాశము కూడ ఎవరును ఇయ్యలేదు.

స్త్రీల సంఘములు ఊరూర సభలు చేసినవి. 1906లో అప్టన్ సింక్లేర్ వ్రాసిన నవల, ది జంగిల్, చికాగో కబేళాల రోతను బయటపెట్టినది. ఆ సంవత్సరము జూన్ 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పరిశుద్ధ ఆహార ఔషధ చట్టము మీద సంతకము చేసినాడు. వైలీ చట్టమనియే అందరును పిలిచినారు. ఆ చట్టము నేడు మనము చూచు పూర్తి పట్టీని కోరలేదు. లేబులు మీద అబద్ధము ఉండరాదన్నది. మద్యసారము, నల్లమందు, మార్ఫిన్, కొకెయిన్, క్లోరోఫారమ్ మొదలగు కొన్ని అపాయకర పదార్థములు మందులో ఉన్నచో వాని పేరు, పరిమాణము పైన వ్రాయవలెనన్నది. విన్స్లో అమ్మగారి సీసా మీద మార్ఫిన్ అను మాట అప్పుడు ఎక్కినది. 1908లో తొలి అభియోగములలో ఒకటి వాషింగ్టనులోని హార్పర్ అను మందుల వర్తకుని మీద నడచినది. ఆయన తలనొప్పి మందు మెదడుకు ఆహారమని, నిరపాయమని పేరు. లోపల ఎసిటానిలైడ్ అను గుండెను కుంగదీయు పదార్థము. జ్యూరీ దోషియన్నది. జుల్మానా ఏడువందల డాలర్లు. సంపన్నుడగు వర్తకునకు అది చిల్లర.

అదే సంవత్సరము వైలీ ఒక తొందరపాటు చేసినాడు. నిలువ మందుల విషయమై వర్తకులు అధ్యక్షభవనమునకు వచ్చినారు. బెంజోయేటు మాటలో రూజ్‌వెల్ట్ వైలీ ప్రక్కనే నిలిచి బల్ల గ్రుద్దినాడు. వాదము గెలిచినట్లే. ఇంతలో ఒక ప్రతినిధి, తమ సంస్థ డబ్బాలలోని మొక్కజొన్నకు చక్కెర బదులు శాకరిన్ వేసి వేల డాలర్లు మిగుల్చుకొన్నదని చెప్పినాడు. అధ్యక్షుడు తనవైపు తిరుగక మునుపే వైలీ అందుకొని, అది తిన్నవాడు మోసపోయినాడని, చక్కెర అనుకొని బొగ్గు తారు నుండి తీసిన పదార్థము తిన్నాడని, పైగా అది ఆరోగ్యమునకు చెరుపని అన్నాడు. రూజ్‌వెల్ట్ ముఖము మారిపోయినది. ఆయన వైద్యుడు ఆయనకు ప్రతిదినము శాకరిన్ ఇచ్చుచున్నాడు! శాకరిన్ చెరుపనువాడు బుద్ధిహీనుడని అధ్యక్షుడు మండిపడినాడు. కొలది దినములలో వైలీ తీర్పులను పునర్విచారించుటకు పండితుల సంఘమొకటి ఏర్పడినది. దానికి అధ్యక్షుడు ఐరా రెంసెన్. 1879లో శాకరిన్ పుట్టినది ఆయన ప్రయోగశాలలోనే.

వైలీ అన్నదానిలో మోసమను భాగము నిజము. చెరుపను భాగమునకు ఆయన చేతిలో తగిన సాక్ష్యము లేదు. ఎలుకల మీది పరీక్షలను బట్టి 1977లో అమెరికా శాకరిన్ మీద హెచ్చరిక వ్రాయించినది. మనుష్యులకు ఆ భయము లేదని తేలగా 2000లో తీసివేయించినది. రెంసెన్ సంఘము 1909లో కొద్దిపాటి బెంజోయేటు హానికరము కాదన్నది. అది నేటికిని మితముగా వాడుకలో ఉన్నది. వెలిగారము, ఫార్మాలిన్‌ల విషయములో వైలీ మాట నిలిచినది. గురువు చెప్పినదంతయు వేదమని శిష్యులు అనుకొనరాదు గదా. వైలీ విషయములోను అంతే.

ఇక ఆయన జీవితములోని పెద్ద వ్యాజ్యము. 1909 అక్టోబరులో, అట్లాంటా నుండి టెనెసీ రాష్ట్రములోని చట్టనూగాకు వచ్చిన కోకా-కోలా పానకమును ప్రభుత్వము పట్టుకొన్నది. నలువది పెద్ద పీపాలు, ఇరువది చిన్న పీపాలు. ఆ చట్టము క్రింద సరుకే ముద్దాయి కావచ్చును. కనుక వ్యాజ్యము పేరు అమెరికా సంయుక్త రాష్ట్రములు ఒక ప్రక్క, నలువది పీపాలు, ఇరువది చిన్న పీపాలు మరొక ప్రక్క! నేరములు రెండు. అందులో కెఫిన్ అను హానికర పదార్థము చేర్చినారనుట మొదటిది. పేరులో కోకా, కోలా అని ఉన్నను ఆ రెండును లోపల లేనట్లే కనుక పేరే అబద్ధమనుట రెండవది. కాఫీ, టీలలో కెఫిన్ ఉన్నదని వైలీకి తెలియదా? తెలియును. కాఫీ త్రాగువాడు కాఫీ అని తెలిసి త్రాగునని, ఈ తీపి పానీయమును పసిపిల్లలు ఏమీ తెలియకుండ త్రాగుచున్నారని ఆయన బాధ.

1911 ఫిబ్రవరిలో, అరువదియారవ యేట, వైలీ అన్నా కెల్టన్ అను విదుషిని వివాహమాడినాడు. మార్చిలో విచారణ ఆరంభమైనది. కంపెనీవారు కొలంబియా విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రవేత్త హాలింగ్‌వర్త్‌కు ధనమిచ్చి, కెఫిన్ మనుష్యుల చురుకుదనము మీద ఎట్లు పనిచేయునో శాస్త్రీయముగా పరీక్షింపజేసినారు. పరీక్ష తీసుకొనువానికే గాక, ఇచ్చువానికి కూడ ఏ మాత్రలో కెఫిన్ ఉన్నదో తెలియకుండ చేసిన ఆ పరీక్ష వైలీ పంక్తి కంటె ఎంతో నిర్దుష్టమైనది. ఈ సంగతి దాచరాదు. కాని తీర్పు ఈ సాక్ష్యముల వరకు రానేలేదు. కెఫిన్ ఆ పానకపు యోగములోనే మొదటి నుండి ఉన్నది కనుక, దానిని చేర్చిన పదార్థమనరాదని న్యాయాధిపతి శాన్‌ఫర్డ్ నిర్ణయించి, జ్యూరీకి వదలక కంపెనీ పక్షమున ముగించినాడు. వ్యాకరణములో మనము ఆగమమా, ప్రకృతిలోనిదా అని తర్కించినట్లున్నది!

ప్రభుత్వము పై న్యాయస్థానమునకు పోయినది. 1916లో సుప్రీంకోర్టు, యోగములో భాగమైనంత మాత్రమున చేర్చినది కాకపోదని చెప్పి, వ్యాజ్యమును మరల విచారింపుడని క్రిందికి పంపినది. అప్పుడు కంపెనీ మరియొక విచారణకు నిలువలేదు. రాజీ కుదిరినది. పానకములో కెఫిన్ సగమునకు తగ్గించినారు. వ్యాజ్యపు ఖర్చులన్నియు చెల్లించినారు. 1917లో ఎనిమిదేండ్ల వ్యవహారము ముగిసినది.

ఇది జయమా, అపజయమా? సరుకు మారినది, అది జయము. కాని కెఫిన్ పిల్లలకు హానికరమా అను ప్రశ్నకు న్యాయస్థానము జవాబు చెప్పలేదు. సీసా మీద కెఫిన్ అను మాట కూడ ఆ రాజీ వలన ఎక్కలేదు. కొనువానికి ఏమియు తెలియకుండగనే తగవు పుట్టినది, తీరినది. నేడు మన దేశములో అటువంటి పానీయపు సీసా మీద కెఫిన్ కలదను మాట ఉండవలెను; అది రాజీ ఇచ్చినది కాదు, నిబంధన ఇచ్చినది. రాజీ ధర్మమే అంత. ఇరుపక్షముల వారు తమ నష్టము లెక్క వేసుకొని చేతులు కలుపుదురు. నిజము ఏ పక్షముదో ఎవ్వరును వ్రాసి ఇయ్యరు. 1986లో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి మరొక మార్గము పట్టినారు. కాన్సరును, గర్భస్థ శిశువులకు హానిని కలిగించు రసాయనముల జాబితా ప్రభుత్వము ప్రకటించును. వానిని సరుకులో ఉంచి హెచ్చరింపనివాని మీద దినమునకు 2,500 డాలర్ల వరకు జుల్మానా. సామాన్య పౌరుడును ప్రజల పక్షమున దావా వేయవచ్చును. అక్కడను చాల దావాలు రాజీలతోనే ముగియుచున్నవి. న్యాయవాదులకది జీవనోపాధియైనదను నింద ఉన్నది. కాని ఆ రాజీలలో తరచుగా ఒక షరతు ఉండును: ఆ పదార్థము తగ్గించు, లేదా హెచ్చరిక వ్రాయుము. చట్టనూగాలో లేనిది ఆ రెండవ సగమే.

ఆ రాజీ నాటికి వైలీ ప్రభుత్వములో లేడు. 1911లోనే ఆయన మీద ఒక నిపుణునికి నిబంధన మీరి జీతమిచ్చినాడను అభియోగము మోపి పంపివేయజూచినారు. అధ్యక్షుడు టాఫ్ట్ నిర్దోషియన్నాడు. కాని ఇంటిలో శత్రువులతో కాపురము చేయలేక 1912 మార్చిలో రాజీనామా ఇచ్చినాడు. గుడ్ హౌస్‌కీపింగ్ అను గృహిణుల మాసపత్రిక ఆయనకు సొంత పరీక్షాశాల ఇచ్చినది. అక్కడ పద్దెనిమిదేండ్లు సరుకులు పరీక్షించి ఫలితములు అచ్చువేసినాడు; పొగాకునకు కాన్సరునకు సంబంధముండవచ్చునని 1927లోనే అనుమానించినాడు. భార్య స్త్రీల ఓటు హక్కుకై అధ్యక్షభవనము ముందు నిలిచి చెరసాలకు పోయినది. దంపతులకు ఇద్దరు కుమారులు. తన చట్టమును పాలకులే నీరుకార్చినారను కోపముతో 1929లో ఒక గ్రంథము వ్రాసి తన ఖర్చుతో ప్రచురించినాడు. దానిలో పునరుక్తి ఎక్కువ, నిష్ఠురము ఇంకను ఎక్కువ. వృద్ధుడు, గాయపడినవాడు, అట్లే వ్రాయును.

1930 జూన్ 30న, చట్టము మీద సంతకము జరిగిన ఇరువది నాలుగేండ్లకు సరిగ్గా అదే తేదీన, వాషింగ్టనులోని తన ఇంటిలో వైలీ మరణించినాడు. ఆర్లింగ్టను సైనిక శ్మశానములో సమాధి చేసినారు. 1956లో, చట్టమునకు ఏబదియేండ్లు నిండినప్పుడు, ఆయన బొమ్మతో మూడు సెంట్ల తపాలాబిళ్ళ వెలువడినది.

ఆయన పోయిన ఏడేండ్లకు, అదే టెనెసీ రాష్ట్రములో, ఒక మందుల కంపెనీ సల్ఫానిలమైడ్ అను క్రొత్త మందును ద్రవముగా చేయదలచి డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, ఎలిక్సిర్ అని పేరు పెట్టి, పరీక్షింపకయే అమ్మినది. రుచి తియ్యన. నూరుమందికి పైగా చనిపోయినారు. వారిలో పిల్లలు కూడ ఎందరో ఉన్నారు. విషము అమ్మినందుకు శిక్షింపవలెనన్న వైలీ చట్టములో దారి లేకపోయినది. ఎలిక్సిర్ అను మాటకు మద్యసారము కలది అని అర్థము, అందులో మద్యసారము లేదు, కనుక లేబులు అబద్ధము: ఈ ఒక్క మాటను పట్టుకొని అధికారులు సీసాలను వెదకి వెదకి స్వాధీనము చేసుకొన్నారు. కంపెనీ చెల్లించిన జుల్మానా 26 వేల డాలర్లకు పైచిలుకు. ఆ మరుసటి సంవత్సరము, మందు అమ్ముటకు ముందే నిరపాయమని నిరూపింపవలెనను క్రొత్త చట్టము వచ్చినది. 1938 జూన్ 25న దాని మీద సంతకము చేసిన అధ్యక్షుని పేరును రూజ్‌వెల్టే.